డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడితే: పాత అంబాసిడర్‌లో ఒక ఫిజిక్సు పాఠం

పదో తరగతిలో విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం అందరం చదివినవాళ్లమే. జనరేటర్ పటం గీసి భాగాలు గుర్తించమంటారు. పటం గీస్తాం, మార్కులు వస్తాయి. అయితే ఆ పటంలో ఉన్న కమ్యుటేటర్‌ను గాని, స్లిప్ రింగులను గాని చేత్తో పట్టుకుని చూసినవాళ్లు మనలో ఎంతమంది? ఒకటి ఏకముఖ ప్రవాహానికి, ఇంకొకటి ఏకాంతర ప్రవాహానికి అని కంఠస్థం చేసిన ఆ రెండు పటాలూ ఒక పాత కారు బానెట్ కింద ఒకదాని స్థానంలోకి ఇంకొకటి ఎలా వస్తాయో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. మన హాస్టల్ నుంచి ఏటా కొందరు తమ్ముళ్లు ఐ.టి.ఐ.కి, పాలిటెక్నిక్‌కి వెళుతుంటారు. వాళ్ల కోసం వైరింగు సంగతి కాస్త విపులంగా రాస్తున్నాను.

ఉదాహరణకు అంబాసిడర్ కారును తీసుకుందాం. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దీన్ని తయారు చేసేవారు. 1950ల చివర మొదలైన ఈ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. అన్నేళ్లలో బయటి రూపం పెద్దగా మారలేదు గాని లోపల చాలా మారాయి. పాత పెట్రోలు అంబాసిడర్లలో బ్యాటరీని ఛార్జి చేయడానికి డైనమో ఉండేది. తర్వాత వచ్చినవాటికి ఆల్టర్నేటర్ పెట్టారు. పాత కారును ఇంకా అద్దెకు తిప్పుకునేవాళ్లు, ఇష్టంగా ఉంచుకున్నవాళ్లు డైనమో తీయించి ఆల్టర్నేటర్ పెట్టించుకుంటూ ఉంటారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇది ఒక పూట పని. సరిగా చేయకపోతే మాత్రం కొత్త ఆల్టర్నేటర్ క్షణంలో కాలిపోతుంది. అంతకంటే ఘోరం, డాష్‌బోర్డు వెనక వైర్లు అంటుకోవచ్చు. కాబట్టి ఏ వైరు ఎందుకు ఉందో తెలియకుండా దాని మీద చెయ్యి వేయకూడదు.

ముందు డైనమో సంగతి. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. (ఫారడే ఒక కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పని నేర్చుకున్న కుర్రవాడు. ఆ సంగతి మన పాఠంలో ఇంకొంచెం పెద్ద అక్షరాలతో వేసి ఉంటే బాగుండేది.) డైనమోలో అయస్కాంత క్షేత్రం కదలదు. ఫీల్డ్ చుట్టలు బయటి గొట్టానికి బిగించి ఉంటాయి. లోపల ఆర్మేచర్ తిరుగుతుంది. కరెంటు పుట్టేది తిరిగే భాగంలో కనుక ఆ మొత్తం కరెంటూ కమ్యుటేటర్ మీదుగా, కార్బన్ బ్రష్‌ల మీదుగా బయటికి రావాలి. ఇదే దాని బలహీనత. కరెంటు ఎక్కువైతే బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. మరీ వేగంగా తిప్పితే ఆర్మేచర్ మీది చుట్టలు పైకి లేచిపోతాయి. అందుకని చిన్న కప్పీ పెట్టి వేగం పెంచడానికీ వీలుండదు. ఆ కాలం కార్లలో బాగా వాడిన లూకాస్ సి40 రకం డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. అది కూడా ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పుడు. సిగ్నల్ దగ్గర బండి నిలబడి ఇంజిన్ నిమిషానికి 600, 700 సార్లు తిరుగుతున్నప్పుడు అది ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

22 ఆంపియర్లు సరిపోతాయా? లెక్క వేసి చూద్దాం. వర్షం పడుతున్న రాత్రి. రెండు హెడ్‌లైట్లు ఒక్కొక్కటి 60 వాట్లు, నాలుగు చిన్న లైట్లు ఒక్కొక్కటి 5 వాట్లు, మొత్తం 140 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 11.7 ఆంపియర్లు. ఇగ్నిషన్ కాయిల్‌కు 3 నుంచి 4, వైపరుకు ఇంచుమించు 3. బ్రేకు తొక్కితే రెండు 21 వాట్ల బల్బులు, అంటే ఇంకో 3.5 ఆంపియర్లు. ఇప్పటికే 22 దగ్గరికి వచ్చేశాం. దీని మీద పాటల పెట్టె, ఫ్యాను, హాలొజన్ లైట్లు తగిలిస్తే లోటంతా బ్యాటరీయే భరించాలి. తెల్లవారి సెల్ఫ్ తిరగదు. నలుగురు దిగి తోయాలి.

ఆల్టర్నేటర్‌లో ఇది తలకిందులు. తిరిగేది అయస్కాంతం, కదలకుండా ఉండేది కరెంటు పుట్టే చుట్ట. తిరిగే రోటరుకు స్లిప్ రింగుల ద్వారా వెళ్లేది సుమారు 3 ఆంపియర్ల ఫీల్డ్ కరెంటు మాత్రమే. 40 ఆంపియర్లు వచ్చేది నిలిచి ఉన్న స్టేటరు నుంచి, బ్రష్‌ల అవసరం లేకుండా. రోటరు గట్టి నిర్మాణం కాబట్టి చిన్న కప్పీ పెట్టి వేగంగా తిప్పవచ్చు. అందువల్ల ఇంజిన్ నిదానంగా తిరుగుతున్నా కరెంటు వస్తుంది. స్టేటరులో పుట్టేది మూడు ఫేజుల ఏకాంతర ప్రవాహం. దాన్ని ఆరు డయోడ్లు ఏకముఖంగా మారుస్తాయి. ఇంత మంచి ఉపాయం మొదటి నుంచీ కార్లలో ఎందుకు వాడలేదంటే, చౌకైన సిలికాన్ డయోడ్లు అప్పటికి లేవు. అవి వచ్చాకే, 1960లో అమెరికాలో క్రిస్లర్ వారి వేలియంట్‌తో మొదలుపెట్టి, మామూలు కార్లలోకి ఆల్టర్నేటర్ వచ్చింది.

కటౌట్ పెట్టె చేసే పనులు

మన మెకానిక్కులు కటౌట్ అని పిలిచే నల్లమూత పెట్టె ఒకటి పాత కార్లలో బానెట్ కింద కనిపిస్తుంది. దాని అసలు పేరు కంట్రోల్ బాక్సు. మార్పిడిలో గందరగోళమంతా దీని దగ్గరే పుడుతుంది. ఇది చేసే పనులు ప్రధానంగా రెండు. మొదటిది, డైనమో వోల్టేజి బ్యాటరీ కంటే తక్కువగా ఉన్నప్పుడు రెంటినీ విడదీయడం. లేకపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోయి దాన్ని మోటారులా తిప్పబోతుంది, చుట్టలు కాలిపోతాయి. సుమారు 13 వోల్టులు వచ్చాక కటౌట్ రిలే మూసుకుని రెంటినీ కలుపుతుంది. రెండవది, వోల్టేజి మితిమీరకుండా ఫీల్డ్ కరెంటును తగ్గించడం. ఇది రెగ్యులేటర్ పని. ఇందులో ఒక చిన్న కాంటాక్టు సెకనులో అనేకసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. తర్వాత వచ్చిన పెట్టెల్లో కరెంటు మితిమీరకుండా చూసే మూడో చుట్ట కూడా ఉంటుంది.

ఆల్టర్నేటర్ వచ్చాక ఈ పనులు ఎవరు చేస్తారు? డయోడ్లు వెనక్కి కరెంటును పోనివ్వవు కనుక కటౌట్ రిలే అక్కరలేదు. ఆల్టర్నేటర్ తన నిర్మాణం వల్లనే ఒక హద్దు దాటి కరెంటు ఇవ్వలేదు కాబట్టి మూడో చుట్టా అక్కరలేదు. మిగిలింది వోల్టేజి. అది రెగ్యులేటర్ చూసుకుంటుంది. చాలా ఆల్టర్నేటర్లలో రెగ్యులేటర్ వెనక మూతలోనే బిగించి వస్తుంది. జీనర్ డయోడ్ వోల్టేజిని కనిపెడుతుంది, ట్రాన్సిస్టర్ ఫీల్డ్ కరెంటును ఆపుతుంది, వదులుతుంది. కాంటాక్టు పాయింట్లు లేవు కనుక అరిగేదేమీ లేదు. అది నిలబెట్టే వోల్టేజి సుమారు 14.2. ఎందుకా అంకె? బ్యాటరీలో ఆరు సెల్లులు, నిండుగా ఉన్నప్పుడు ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు, మొత్తం 12.6. ఛార్జి కావాలంటే అంతకంటే పైన ఉండాలి. సెల్లుకు 2.4 వోల్టులు దాటితే మాత్రం నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. మన కెమిస్ట్రీలోని విద్యుద్విశ్లేషణే అది. డిస్టిల్డ్ వాటర్ మాటిమాటికీ పోయవలసి వస్తోందంటే రెగ్యులేటర్‌ను అనుమానించాలి.

రెగ్యులేటర్ విడిగా ఉండే రకం ఆల్టర్నేటర్ దొరికితే ఒక జాగ్రత్త. రెగ్యులేటర్ కొలిచేది తన టెర్మినల్‌కు, తన ఎర్త్‌కు మధ్య ఉన్న వోల్టేజిని. దాని ఎర్త్ తుప్పుపట్టి ఉంటే అక్కడ కొంత వోల్టేజి పోతుంది. రెగ్యులేటర్‌కు తక్కువగా కనిపిస్తుంది. అది ఫీల్డును ఇంకా పెంచుతుంది, బ్యాటరీ ఉడుకుతుంది. కాబట్టి రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించాలి. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ ఎర్త్ కొసకు విడిగా ఒక వైరు వేస్తే మరీ మంచిది.

వైర్లు విప్పకముందు

అన్నిటికంటే ముందు బ్యాటరీని చూడాలి. ఏ కొస బాడీకి కలిపి ఉంది? మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలంనాటి ఇంగ్లీషు కార్లలో పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. మనకు దొరికే ఆల్టర్నేటర్లు నెగెటివ్ ఎర్త్‌వి. పాజిటివ్ ఎర్త్ ఉన్న కారులో దీన్ని అలాగే తగిలిస్తే డయోడ్లన్నీ ఒకేసారి దారి తెరిచి బ్యాటరీని షార్టు చేస్తాయి. కళ్లు మూసి తెరిచేలోగా డయోడ్లు పోతాయి. కనుక ముందు కారును నెగెటివ్ ఎర్త్‌కు మార్చాలి. బ్యాటరీ కేబుళ్లు తారుమారు చేయాలి. పాజిటివ్ కొస కాస్త లావుగా ఉంటుంది కాబట్టి క్లాంపులు మార్చవలసి రావచ్చు. ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు సన్న వైర్లు, ఆంమీటర్ ఉంటే దాని రెండు వైర్లు తారుమారు చేయాలి. బల్బులకు దిక్కుతో పని లేదు. మరి సెల్ఫ్ మోటారు వెనక్కి తిరగదా? తిరగదు. ఆ కాలపు సెల్ఫ్‌లో ఫీల్డూ చుట్టే, ఆర్మేచరూ చుట్టే. రెంటిలోనూ కరెంటు దిక్కు మారుతుంది కనుక బలం దిక్కు అలాగే ఉంటుంది. ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన వేళ్లతో పట్టి చూడండి, తేలిపోతుంది. తర్వాత తగిలించుకున్న శాశ్వత అయస్కాంతపు ఫ్యాను మాత్రం వెనక్కి తిరుగుతుంది. పాజిటివ్ ఎర్త్‌కు చేసిన పాత రేడియో ఉంటే కాలిపోతుంది, ముందే విప్పెయ్యాలి.

ఇప్పుడు బ్యాటరీ ఎర్త్ విప్పి పక్కన పెట్టి, కటౌట్ మూతకేసి చూద్దాం. పాత రకం పెట్టె మీద ఎ, ఎ1, ఎఫ్, డి, ఇ అని ఐదు టెర్మినళ్లు. ఎ అంటే సెల్ఫ్ సోలనాయిడ్ మీదుగా బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు. ఎ1 తాళానికి, లైట్లకు వెళుతుంది. డి డైనమో పెద్ద టెర్మినల్ నుంచి, ఎఫ్ దాని ఫీల్డు నుంచి. ఇ ఎర్త్. డి దగ్గరే ఇంకొక సన్న వైరు ఉంటుంది, డాష్‌బోర్డులోని ఎర్ర లైటుకు వెళ్లేది. ఈ సన్న వైరును మరచిపోవద్దు. రంగులను నమ్మవద్దు కూడా. లూకాస్ పద్ధతిలో ఒక్కొక్క వైరుకూ ఒక్కొక్క రంగు ఉన్నమాట నిజమే గాని, ఇన్నేళ్లలో ఎన్ని చేతులు పడ్డాయో, ఏ రంగు ముక్క ఎక్కడ అతికారో ఎవరికి తెలుసు? టెర్మినల్ మీది అక్షరం చూసి ఒక్కొక్క వైరుకూ కాగితం చీటీ కట్టుకోవడమే మంచిది.

ఎ, ఎ1 వైర్లు రెంటినీ గట్టిగా కలపాలి. డి దగ్గరి సన్న వైరును ఎఫ్ వైరుతో కలపాలి. ఎఫ్ వైరు రెండో కొస డైనమో దగ్గరే ఉంది కదా, అది ఇప్పుడు ఆల్టర్నేటర్ మీది లైటు టెర్మినల్‌కు వెళుతుంది. లూకాస్ రకంలో ఆ టెర్మినల్‌కు ఐ.ఎన్.డి. అని, కొన్నిటిలో ఎల్ అని ఉంటుంది. బాష్ రకంలో దీనికే డి ప్లస్ అని పేరు. ఇక్కడే చాలామంది తడబడతారు. పాత డైనమో మీద డి అంటే మొత్తం కరెంటు వచ్చే లావు టెర్మినల్, బాష్ ఆల్టర్నేటర్ మీద డి ప్లస్ అంటే లైటుకు వెళ్లే సన్న టెర్మినల్. అక్షరం ఒకటే అయినా అర్థం వేరు. లావు కరెంటు వచ్చేది బి ప్లస్ నుంచి.

డి లావు వైరును ఏం చేయాలి? దాన్నే వాడేసి ఎ, ఎ1 లతో కలిపేసేవాళ్లున్నారు. పని జరుగుతుంది. కానీ లెక్క చూడండి. ఆ వైరు మధ్యచ్ఛేద వైశాల్యం 3 చదరపు మిల్లీమీటర్లు, పొడవు 2 మీటర్లు అనుకుందాం. రాగి విశిష్ట నిరోధం 0.0172 (ఓమ్ × చ.మి.మీ. ÷ మీటరు). నిరోధం 0.0172 × 2 ÷ 3, అంటే 0.0115 ఓములు. డైనమో ఇచ్చే 22 ఆంపియర్లకు ఆ వైరులో పుట్టే వేడి, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే, 5.5 వాట్లు. 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పూర్తిగా ఇస్తే 23 వాట్లు. కరెంటు రెట్టింపయింది, వేడి నాలుగు రెట్లయింది. అది కూడా పాత టేపు చుట్టిన వైర్ల కట్ట మధ్యలో. అందుకే కొత్త వైరు, 10 చదరపు మిల్లీమీటర్లది, బి ప్లస్ నుంచి నేరుగా సోలనాయిడ్ మీది బ్యాటరీ వైపు బోల్టుకు వేయాలి. అప్పుడు వేడి 7 వాట్లే. పాత డి వైరు రెండు కొసలూ టేపు చుట్టి వదిలేయాలి. కొత్త వైరులో బ్యాటరీ కొస దగ్గర తగిన ఫ్యూజు లింకు తప్పనిసరి. ఇంజిన్ ఆగి ఉన్నా ఆ వైరులో బ్యాటరీ కరెంటు ఉంటుంది. ఎక్కడైనా రేకుకు రాసుకుని తొడుగు తెగితే దాన్ని ఆపేది అదొక్కటే.

ఇలా చేశాక డ్రైవర్లు ఒక ఫిర్యాదు చేస్తారు. ఆంమీటర్ ముల్లు ఎప్పుడు చూసినా డిశ్చార్జి వైపే ఉంటోందని. ఆంమీటర్ సోలనాయిడ్‌కు, ఎ వైరుకు మధ్య ఉంటుంది. ఇప్పుడు ఛార్జింగు కరెంటు దానిలోంచి పోవడం లేదు, కారు వాడుకునేది మాత్రమే పోతోంది. తప్పేమీ లేదు. అయినా 30 ఆంపియర్ల ఆంమీటర్‌లోంచి 45 ఆంపియర్లు పంపడం కంటే దాన్ని తీసేసి వోల్టుమీటరు పెట్టుకోవడం ఉత్తమం.

ఎర్ర లైటు సంగతి

ఆ చిన్న బల్బును మనం హెచ్చరిక దీపం అనుకుంటాం. ఆల్టర్నేటర్‌కు అది ఊపిరి. రోటరులో శాశ్వత అయస్కాంతం లేదు. తిరగడం మొదలుపెట్టినప్పుడు క్షేత్రం కావాలంటే మొదట కొంచెం కరెంటు ఎవరైనా ఇవ్వాలి. తాళం తిప్పగానే బల్బు గుండా వెళ్లే కరెంటే అది. 2.2 వాట్ల బల్బయితే 2.2 ÷ 12, అంటే 0.18 ఆంపియర్లు. దానితో క్షేత్రం మొలకెత్తుతుంది, ఆల్టర్నేటర్ తన ఫీల్డు డయోడ్ల ద్వారా తానే కరెంటు ఇచ్చుకుంటుంది. అప్పుడు బల్బుకు రెండు వైపులా ఒకే వోల్టేజి. పొటెన్షియల్ భేదం లేదు కనుక లైటు ఆరిపోతుంది. బల్బు మాడిపోయి ఉంటే ఆల్టర్నేటర్ మేల్కోకపోవచ్చు. ముచ్చటపడి ఎల్.ఇ.డి. పెట్టినా ఇదే గతి, దాని గుండా పోయే కరెంటు చాలదు.

సన్న వైరును డి నుంచి విడదీయకుండా లావు వైర్లతో పాటే కలిపేశారనుకోండి. తాళం వేసినప్పుడు బల్బుకు రెండు పక్కలా బ్యాటరీయే, లైటు వెలగదు. తాళం తీశాక బ్యాటరీ నుంచి బల్బు గుండా వెనక్కి, ఇగ్నిషన్ కాయిల్ మీదుగా కరెంటు పోతుంది. బండి ఆగి ఉంటే లైటు వెలుగుతుంది, నడుస్తుంటే ఆరి ఉంటుంది! ఇలాంటి కారు మీ దగ్గరికి వస్తే ఎక్కడ చూడాలో ఇప్పుడు మీకు తెలుసు.

ఫ్యాను బెల్టు గురించి రెండు మాటలు. కప్పీలు మూడూ ఒకే వరుసలో ఉండాలి, లేకపోతే బెల్టు అంచు తినేస్తుంది. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. వదులైతే జారి, ఎక్కువ కరెంటు తీసుకున్నప్పుడు కీచుమంటుంది.

డైనమో కాలం నుంచి వచ్చిన ఒక అలవాటు మాత్రం మానుకోవాలి. మా ఊరి దగ్గర ఒక షెడ్డులో చూశాను. ఆల్టర్నేటర్ బిగించి, ఇంజిన్ నడుస్తుండగా మేస్త్రీ బ్యాటరీ వైరు పీకబోతే, పక్కనున్న కుర్రవాడు "వద్దు బాబాయ్, డయోడ్లు పోతాయంట" అన్నాడు. "ముప్పయ్యేళ్ల నుంచి ఇట్లాగే చూస్తున్నాం రా. బండి ఆగలేదంటే ఛార్జింగు ఉన్నట్టే" అని ఆయన పీకేశాడు. బండి ఆగలేదు. వైరు తిరిగి పెట్టాక ఛార్జింగు లేదు. కారు యజమాని ఆ రోజు పెళ్లి కిరాయి వదులుకున్నాడు. బ్యాటరీ ఒక పెద్ద తొట్టి లాంటిది, వోల్టేజి ఎగిసిపడకుండా ఆపుతుంది. నడుస్తుండగా దాన్ని తొలగిస్తే రోటరు క్షేత్రం వెంటనే తగ్గలేదు, కరెంటుకు దారి లేదు, వోల్టేజి ఒక్కసారిగా ఎన్నో రెట్లు లేచి డయోడ్లను, రెగ్యులేటర్‌ను చంపుతుంది. మేస్త్రీ చెప్పింది డైనమో వరకు చెల్లిన మాటే. కుర్రవాడికి ఫలితం తెలుసు, కారణం చెప్పలేకపోయాడు. కారణం చెప్పి ఉంటే ఆయన ఆగేవాడేమో. బాడీ మీద వెల్డింగు చేయించేటప్పుడు కూడా ముందు ఇంజిన్ ఆపి, బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పాలి.

పరీక్షకు మల్టీమీటరు చాలు. ఇంజిన్ ఆపి ఉంచి బ్యాటరీ కొసల మధ్య చూస్తే 12.4 నుంచి 12.6 ఉండాలి. తాళం వేస్తే ఎర్ర లైటు వెలగాలి. స్టార్టు చేసి కాస్త ఎక్సిలేటర్ ఇస్తే ఆరాలి, మీటరు 14 దాటాలి. హెడ్‌లైట్లు, వైపరు, ఫ్యాను అన్నీ వేసినా 13.5 కంటే తగ్గకూడదు. 15కు పోతే వెంటనే ఇంజిన్ ఆపి ఎర్త్‌నూ రెగ్యులేటర్‌నూ చూడాలి. తగ్గితే మీటరు ఒక కొస బి ప్లస్ మీద, ఇంకో కొస బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టండి. 0.3 కంటే ఎక్కువ చూపిస్తే వైరులో గాని జాయింటులో గాని లోపం. అలాగే ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ నెగెటివ్‌కు మధ్య కూడా చూడాలి.

విప్పేసిన పాత కటౌట్ పెట్టెను షెడ్డువాళ్లు తుక్కులో పడేస్తారు. అడిగితే ఇస్తారు. మూతకు రెండే స్క్రూలు. లోపల రెండు చుట్టలు పక్కపక్కన కనిపిస్తాయి. లావు తీగ చుట్టు కూడా ఉన్న చుట్ట వేలికి తగిలేంత పెద్ద కాంటాక్టును మూయిస్తుంటే అది కటౌట్. పక్కదాని పాయింట్లు సన్నగా, మామూలుగా మూసుకునే ఉంటాయి. అది రెగ్యులేటర్. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి దొరికితే చుట్టకు తగిలించి ఏది లాగుతుందో, ఏది వదులుతుందో చూడవచ్చు.